ఫిర్యాదుల సీట్లో పీతగారు

మా కొత్తలంకపురం మున్సిపాలిటీలో ఫిర్యాదుల విభాగానికి గుమాస్తా లేక చాలా ఏళ్లయింది. కుర్చీ ఉంది, బల్ల ఉంది, బల్ల మీద ‘ఫిర్యాదులు’ అన్న చెక్క బోర్డు ఉంది. కూర్చునే మనిషే లేడు. జనం వచ్చి ఆ ఖాళీ కుర్చీ వంక కాసేపు చూసి, చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారు. అలాంటి సీట్లోకి చివరికి ఒక పీత వచ్చి కూర్చుంది. అది నిజం పీత కాదు, ఊలుతో అల్లిన పీత. దాని సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు ఇంకొకడు లేడు, ఎందుకంటే దాని నియామకపు ఉత్తర్వు టైపు చేసింది నేనే. నా పేరు గున్నేశ్వరరావు. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని.

ఆ పీతని అల్లింది జనన మరణాల సెక్షన్లో పనిచేసే సత్యవేణి. ఆమె కూతురు ధన్వికకి ఆరేళ్లుంటాయి. ఆ పిల్లకి టాన్సిల్స్ వాచిపోయి, జ్వరం వచ్చి, గొంతులోకి గంజి కూడా దిగని పరిస్థితి. ఆపరేషన్ చేసెయ్యాలన్నారు. రెండుసార్లు ఆస్పత్రి దాకా తీసుకెళ్లారు. రెండుసార్లూ ఆ పిల్ల గేటు ఊచలు పట్టుకుని వదల్లేదు. మూడోసారి బతిమాలితే ఒక షరతు పెట్టింది. కిరికిరి తనతో పాటు లోపలికి వస్తే వస్తుందట.

కిరికిరి అంటే ఆ వేసవిలో పిల్లలందర్నీ వెర్రెత్తించిన ఒక యానిమేషన్ సినిమాలోని పసుప్పచ్చ పీత. చీకటంటే హడలిపోయే ఆ పీత సినిమా చివర్లో ఒంటరిగా సొరంగంలోకి వెళ్లి క్షేమంగా బయటికొస్తుంది. సత్యవేణి ఊలు కొనుక్కొచ్చి, మధ్యాహ్నం భోజనమయ్యాక మిగిలిన కాస్త టైములో, క్రోషే సూదితో ఆ పీతని అల్లడం మొదలుపెట్టింది. ఒళ్లు అయింది, దూది కూరడం అయింది, రెండు కొండీలూ, నాలుగు కాళ్లూ అయ్యాయి. ఇంకో రెండు కాళ్లు కుట్టాలి. సరిగ్గా అప్పుడే మా కమిషనర్ ఆనందభూషణ్‌గారు శిక్షణ ముగించుకుని తిరిగొచ్చారు.

ఆయన వెళ్లింది ఎక్కడో చల్లటి కొండ ఊళ్లో జరిగిన ‘పని ఒత్తిడి నిర్వహణ’ శిక్షణకి. ఉద్యోగులు చేతులతో ఏదన్నా మెత్తటి పని చేస్తే మనసు తేలికపడుతుందని అక్కడెవరో చెప్పారట. ఆయన రౌండుకి వచ్చేసరికి సత్యవేణి పీతని సొరుగులో తోసెయ్యబోయింది. ఒక కొండీ బయటే ఉండిపోయింది.

“ఏమిటది?” అన్నారాయన.

“పీతండి.”

“ఎవరి పీత?”

“మా అమ్మాయిదండి. లంచ్ టైములోనే అల్లుకుంటున్నానండి, ఆఫీసు టైములో కాదండి.”

ఆయన పీతని చేతిలోకి తీసుకుని నొక్కారు. మళ్లీ నొక్కారు. కళ్లు మూసుకుని ఇంకోసారి నొక్కారు. ఆయన నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోవడం నేను నా కళ్లారా చూశాను.

“గున్నేశ్వరరావుగారూ, నాకు బీపీ దిగినట్టుందయ్యా. కాగితం తీసుకోండి.”

సాయంత్రానికి సర్క్యులర్ వెళ్లింది. “కార్యాలయ సిబ్బంది యావన్మందికీ తెలియజేయునదేమనగా, పని ఒత్తిడి నివారణార్థము ప్రతి ఉద్యోగియు తన అభిమాన యానిమేషన్ పాత్రను ఊలుతో అల్లవలెను. అభిమాన పాత్ర లేనివారు తక్షణమే అభిమానమును ఏర్పరచుకొనవలెను. నమూనా నిమిత్తము శ్రీమతి సత్యవేణిగారి పీతను కార్యాలయము స్వాధీనపరచుకొనడమైనది.”

“నమూనా చూసి ఇచ్చేస్తారులెండి,” అన్నాను సత్యవేణితో. నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆఫీసు ఆఫీసంతా అల్లికలో పడింది. ఇంటి పన్ను కట్టడానికి వచ్చినవాళ్లని రెవెన్యూ వాళ్లు “కాస్త ఆగండి బాబూ, ఇప్పుడు వదిలేస్తే ముడి జారిపోద్ది” అనేవారు. నీటి సరఫరా ఇంజనీరుగారు ఏదో సినిమాలోని రాకుమారిని మొదలుపెట్టారు. ఆయనకి అల్లడం వచ్చింది గానీ ఆపడం రాలేదు, చివరికి ఆ రాకుమారి మెడకి చుట్టుకునే మఫ్లరై ముగిసింది. నేను ఏనుగు మొదలుపెట్టాను. తొండం దాకా వచ్చాక నా వల్ల కాలేదు. దాన్ని పాము అని రాసుకుని సంతకం పెట్టాను. ఒత్తిడి తగ్గిందో లేదో తెలీదు గానీ, అల్లిక పూర్తికాని వారికి మెమోలు జారీ చేసే పని నాకు కొత్తగా చేరింది.

ఇంకో సంగతి కూడా జరిగింది. నమూనా పసుప్పచ్చ పీత కాబట్టి అందరూ పసుపు ఊలే కొన్నారు. ఊళ్లో ఉన్న రెండు ఊలు కొట్లూ ఖాళీ. పక్క ఊరి కొట్టు కూడా ఖాళీ. ఇంకో పీతని అల్లుకుందామని సత్యవేణి కొట్టు కొట్టూ తిరిగింది. “మీ ఆఫీసోళ్లే పట్టుకుపోయారమ్మా,” అన్నారు వాళ్లు.

ఇంతలో పైఆఫీసు నుంచి అభినందన వచ్చింది. దాంతో పాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. మంజూరైన పోస్టులెన్ని, అల్లిన బొమ్మలెన్ని? లెక్క తేలలేదు. ఎందుకంటే మా ఆఫీసులో సగం పోస్టులు ఖాళీ. ఖాళీ పోస్టు బొమ్మని అల్లలేదు కదా. కమిషనర్‌గారు గదిలో అటూ ఇటూ తిరిగి, చటుక్కున ఆగారు.

“ఖాళీ పోస్టు బొమ్మని అల్లలేదు. నిజమే. కానీ బొమ్మ ఖాళీ పోస్టులో కూర్చోగలదు కదా?”

నేను ఏమీ అనలేదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది అదొక్కటే.

“సీటు ఖాళీగా ఉండుట వలన ప్రజలలో కలుగు నిరాశను తొలగించుటకు అని రాయండి. మిగతాదంతా మామూలే.”

మామూలే అన్నారు కాబట్టి పాత నియామకపు ఉత్తర్వు ఒకటి తీసి, పేర్లు మార్చి, మిగతాదంతా మక్కీకి మక్కీ దింపాను. “సదరు నియమితులకు మున్సిపల్ ఉద్యోగులకు వర్తించు నియమ నిబంధనలన్నియు వర్తించును” అన్న చివరి వాక్యంతో సహా. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. అదీ మామూలే.

ఆ విధంగా కిరికిరి ఫిర్యాదుల విభాగం గుమాస్తా అయింది. దాని కాళ్ల గురించి చిన్న వివాదం వచ్చిన మాట నిజం. నాణ్యత పరిశీలనకి పిలిచిన కాలేజీ జంతుశాస్త్రం లెక్చరరుగారు పీతకి పది కాళ్లుండాలన్నారు. సినిమాలో కొండీలు కాక ఆరేనండి, ఇంకా రెండు కుట్టాలి, ఒక పూట ఇవ్వండి అంది సత్యవేణి. కమిషనర్‌గారు ఇద్దరి వాదనా విని తీర్పు చెప్పారు: “ఫిర్యాదుల విభాగమునకు కదలవలసిన అవసరము ఏనాడూ కలుగలేదు. కనుక ఉన్న నాలుగు కాళ్లు చాలును.”

మొదటి రోజు గంగాలమ్మ పేట నుంచి బుల్లెమ్మ అనే పెద్దావిడ వచ్చింది. వాళ్ల ఇంటి ముందు డ్రైనేజీ పొంగి ఏడాదయింది. కుర్చీలో పసుప్పచ్చగా ఎవరో ఉన్నారని చూసి, ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. డ్రైనేజీ చెప్పింది, దోమలు చెప్పింది, కోడలు చెప్పింది, పోయిన మొగుడి సంగతి చెప్పింది. కిరికిరి రెండు కళ్లూ పైకి పొడుచుకుని ఆవిడ వంకే చూస్తూ ఉంది. గడియారం చూసుకోలేదు. ఫోనెత్తలేదు. రేపు రమ్మనలేదు. చివరికి ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని లేచింది.

“ఎంత ఓపిగ్గా ఇన్నాడండీ మారాజు!” అంది గుమ్మం దగ్గర అటెండర్ ఏసుపాదంతో. “ఈ ఆఫీసులో ఒకళ్లు నా మాట ఆఖరిదాకా ఇనడం ఇదే మొదలండి.”

మర్నాడు క్యూ కట్టారు. తర్వాత వారం టోకెన్లు పెట్టాల్సి వచ్చింది. పీతగారు ఆదివారం కూడా ఉంటారా అని అడిగేవాళ్లు. ఉండేవారు, ఎక్కడికి వెళ్తారు? ఫిర్యాదు పరిష్కారమైనట్టు ఎలా తేల్చాలని నేను అడిగితే కమిషనర్‌గారు నిర్వచనం రాసిచ్చారు. “ఫిర్యాదుదారు కుర్చీ నుండి లేచి వెళ్లుటయే పరిష్కారము.” ఆ నిర్వచనం ప్రకారం మేము రాష్ట్రంలోనే మొదటి స్థానానికి వెళ్లాం. అవార్డు కోసం పరిశీలక బృందం శుక్రవారం వస్తుందని కబురొచ్చింది.

ధన్విక ఆపరేషన్ కూడా ఆ శుక్రవారమే.

సత్యవేణి కమిషనర్‌గారి గదిలోకి వెళ్తూ నన్ను కూడా తోడు తీసుకెళ్లింది.

“సార్, పిల్లకి రాత్రి మళ్లీ జ్వరం వచ్చిందండి. ఇంక వాయిదా వెయ్యకూడదంటున్నారు డాక్టరమ్మ. ఒక్క శుక్రవారం, ఒక్క పూట పీతని ఇప్పించండి. సాయంత్రం నేనే తెచ్చి కూర్చోబెట్టేస్తాను.”

“శుక్రవారమా? బృందం వచ్చే రోజు కీలక ఉద్యోగిని బయటికి పంపమంటారా? ఇంకో బొమ్మని తీసుకెళ్లండి. ఇంజనీరుగారి రాకుమారి ఉంది.”

“అది మఫ్లరండి.”

“మెత్తగా ఉంటుంది. మీ అమ్మాయికి నా తరఫున అభినందనలు చెప్పండి.”

ఆ సాయంత్రం ఆమె పీతని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బయల్దేరింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. గేటు దగ్గర ఏసుపాదం ఆపాడు. అతను చెడ్డవాడు కాదు, కానీ సర్క్యులర్ ఏది వచ్చినా గోడకి అంటించేది అతనే కాబట్టి అన్నీ చదువుతాడు.

“అమ్మా, బ్యాగులోంచి పీతగారి కన్ను కనపడతందండి. పీతగారు బయటికెళ్లాలంటే అనుమతుండాలండి. నన్నేం చెయ్యమంటారు, ఉద్యోగం పోద్దండి నాకు.”

సత్యవేణి పీతని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టి, నా బల్ల దగ్గరికొచ్చి కూలబడింది. నేను టీ తెప్పించాను. ఆమె తాగలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, గోడకి అంటించిన ఉత్తర్వు వంక చూస్తూ ఉండిపోయింది. ఉన్నట్టుండి ఆ చూపు మారింది.

“గున్నేశ్వరరావుగారూ, నియమ నిబంధనలన్నీ వర్తిస్తాయని రాశారు కదండీ. అన్నీ అంటే సెలవులు కూడానా?”

నేను రూల్సు పుస్తకం తీశాను. సెలవుల పేజీ మీద వేలు పెట్టి చూశాను.

“సెలవులు కూడానమ్మా.”

క్యాజువల్ లీవు పెట్టాం. “పరిపాలనా అవసరముల దృష్ట్యా తిరస్కరించడమైనది” అని ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. ఇక మిగిలింది వైద్య సెలవు. దానికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. రోగిని చూడకుండా ఏ డాక్టరూ రాయరు. రోగేమో గేటు దాటడానికి వీల్లేదు. ఇలా తల పట్టుకుని కూర్చున్న గురువారం నాడు, ధన్వికకి ఆపరేషన్ చెయ్యబోయే చెవి ముక్కు గొంతు డాక్టరమ్మే ఆఫీసుకి వచ్చింది. ఆవిడ ఆస్పత్రి ముందు మున్సిపల్ చెత్త గుట్టలా పేరుకుపోయిందట. టోకెను తీసుకుని పీతగారి ఎదుట కూర్చుని తిట్టడం మొదలుపెట్టింది. తిట్టినంతసేపూ ఆగి, ఆవిడ ఆయాసం తీర్చుకుంటూ ఉండగా సత్యవేణి వెళ్లి చేతులు పట్టుకుని సంగతంతా చెప్పేసింది.

“మీ పాప మళ్లీ గేటు పట్టుకుంటే నా వల్ల కాదమ్మా,” అంది డాక్టరమ్మ. “పోయినసారి ఊచలు వంగిపోయాయి. ఏదీ, రోగిని ఇలా ఇవ్వండి.”

బ్యాగులోంచి చిన్న టార్చి తీసింది. జనం లేచి నిలబడ్డారు. ఆవిడ పీతని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. కాళ్లు లాగి చూసింది. నోరెక్కడుందని సత్యవేణిని అడిగి, అక్కడ టార్చి వేసింది.

“కూర్చోబెట్టి కూర్చోబెట్టి నడుము దగ్గర దూది గడ్డకట్టింది. రెండు కాళ్లు అసలు లేనే లేవు. సెలవు లేకుండా పనిచేయించారా?”

“ఆదివారాలు కూడానండి!” అన్నారు వెనక నుంచి ఎవరో.

“అన్యాయం. వెంటనే చేర్పించాలి.” సర్టిఫికెట్టు రాసి, స్టాంపు వేసి ఇచ్చింది.

కమిషనర్‌గారు ఆ కాగితం చదివి కుర్చీలోంచి లేచారు. మొహం జేవురించింది.

“ఏమిటీ వేళాకోళం? దీనికి వైద్య సెలవా? ఇది బొమ్మ!”

ఆ మాట ఆయన నోటంట రావడం అదే మొదటిసారి. సత్యవేణి ఒక అడుగు ముందుకేసింది.

“ఆ మాటే ఒక కాగితం మీద రాసివ్వండి సార్. బొమ్మయితే అది మా అమ్మాయిది, పట్టుకెళ్లిపోతాను. ఉద్యోగి అయితే ఒంట్లో బాగాలేదు, సెలవివ్వండి. రెంట్లో ఏదైనా నాకు ఫరవాలేదండి.”

ఆయన నా వంక చూశారు. నేను పైకప్పు వంక చూశాను. బొమ్మ అని రాస్తే, ఇన్నాళ్లూ పైకి పంపిన నివేదికలన్నీ ఏమవుతాయో ఆయనకి తెలుసు. రేపే బృందం. ఆయన కాసేపు టేబుల్ మీద ఉన్న తన సొంత అల్లికని నొక్కుకున్నారు. అది ఏ పాత్రో అడిగే ధైర్యం మాలో ఎవరికీ ఇప్పటికీ లేదు. ఆ తర్వాత పెన్ను తీసి, “మంజూరు” అని రాశారు.

సత్యవేణి ఆఫీసులోంచి పరిగెత్తిన పరుగు నేను మర్చిపోలేను. ఏసుపాదం గేటు బార్లా తెరిచి, పీతగారికి సెల్యూట్ కొట్టాడు.

శుక్రవారం పరిశీలక బృందం వచ్చేసరికి ఫిర్యాదుల సీటు ఖాళీ. బల్ల మీద ‘వైద్య సెలవులో ఉన్నారు’ అన్న అట్టముక్క. ఎదురుగా టోకెన్లతో జనం. బృందానికి పెద్ద అయిన అధికారిణి కళ్లజోడు సవరించుకుని, “ప్రత్యామ్నాయ ఏర్పాటు?” అన్నారు.

కమిషనర్‌గారి నుదుట చెమట. అటూ ఇటూ చూశారు. వేరే దారి లేక తనే వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నారు.

మొదటి టోకెను బుల్లెమ్మది. డ్రైనేజీ మొదలుపెట్టింది. రెండు మాటలయ్యాయో లేదో ఆయన, “అమ్మా, దీనికి సంబంధించిన నిధుల కేటాయింపు...” అన్నారు.

“నువ్వు మజ్జిలో మాటాడకు బాబూ,” అంది బుల్లెమ్మ. “పీతగారు ఏనాడూ మాటాడలేదు.”

ఆయన నోరు మూసుకున్నారు. బృందం చూస్తోంది. డ్రైనేజీ విన్నారు, దోమలు విన్నారు, కోడలు విన్నారు. పోయిన మొగుడి దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లు అప్రయత్నంగా పెద్దవయ్యాయి. సాయంత్రం దాకా ఒక్కరి తర్వాత ఒక్కరు. లేచి వచ్చాక ఇంజనీరుని పిలిచి, చాలా నీరసంగా, “ముందు ఆ గంగాలమ్మ పేట డ్రైనేజీ సంగతి చూడవయ్యా. ఇంకోసారి వినలేను,” అన్నారు. ఇంజనీరు చేతిలో ఉన్న మఫ్లర్ పడేసి పరిగెత్తాడు. ఆ పేట డ్రైనేజీ ఆ వారమే బాగయింది. ఉద్యోగులకు సెలవు కూడా ఇచ్చే మున్సిపాలిటీ అని బృందం ప్రత్యేకంగా మెచ్చుకుని అవార్డిచ్చి వెళ్లింది.

ఆస్పత్రిలో జరిగింది సత్యవేణి చెబితే తెలిసింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర ధన్విక ఆగిపోయిందట. కిరికిరిని ముందుకు చాపి, “నువ్వు ముందెళ్లు,” అందట. నర్సమ్మ పీతకి కూడా గుడ్డ టోపీ పెట్టబోతే, పొడుచుకొచ్చిన కళ్ల వల్ల అది నిలవలేదట. టేపుతో అంటించారు. తలుపు మూసుకున్నాక సత్యవేణి వరండాలో నిలబడి నవ్విందట, వెంటనే ఏడ్చిందట, ఏది ఎందుకో తనకే తెలియలేదట. పిల్ల కళ్లు తెరిచేసరికి పీత పక్కనే ఉంది. గొంతు పెగలక, దాని కొండీ పట్టుకుని ఊపి వాళ్లమ్మకి టాటా చెప్పింది.

సెలవు అయిపోయింది. పీతగారు డ్యూటీకి రాలేదు. ఇప్పుడేం చెయ్యాలని కమిషనర్‌గారిని అడిగితే, “రూలు ఏం చెప్తే అది,” అన్నారు విసుగ్గా. అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు సంజాయిషీ కోరుతూ కిరికిరి పేర మెమో టైపు చేశాను. ఏసుపాదం దాన్ని పట్టుకుని సత్యవేణి ఇంటికెళ్లాడు.

తలుపు తీసింది ధన్విక. కొన్నాళ్లు మాట్లాడకూడదన్నారు కాబట్టి మాట్లాడలేదు, పీతని చంకలో పెట్టుకుని నిలబడింది. మెమో అందినట్టు సంతకం కావాలి. పీత సంతకం పెట్టలేదు కనుక వేలిముద్ర తీసుకోవాలి. ఏసుపాదం తనతో తెచ్చుకున్న స్టాంపు ప్యాడు తెరిచి, ఎంతో మర్యాదగా, “ఓ సారి ఇలా ఇయ్యండి,” అని కిరికిరి కుడి కొండీని అందులో అద్ది కాగితం మీద ఒత్తాడు. పసుప్పచ్చ కొండీ నల్లగా అయిపోయింది.

ధన్విక కొండీ వంక చూసింది. ఏసుపాదం వంక చూసింది. పెదవి వంకర తిరిగింది. అతను హడలిపోయి, “వద్దమ్మా, ఏడవకు తల్లీ, గొంతు నొప్పెడద్ది! ఏం కావాలో చెప్పు, తెచ్చిపెడతాను!” అన్నాడు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, వీధి చివరి ఐస్‌క్రీం బండి వైపు వేలు చూపించింది. తర్వాత తన వైపు ఒక వేలు, పీత వైపు ఒక వేలు చూపించింది. ఇంకా ఆలోచించి, జాలేసినట్టుంది, అతని వైపు కూడా ఒక వేలు చూపించింది.

మెమో ఆ సాయంత్రం నా బల్ల మీదికి తిరిగొచ్చింది. కింద నల్లటి కొండీ ముద్ర, దాని పక్కన ఏసుపాదం చేతి రాత. కాగితం మీద అక్కడక్కడా వెనీలా మరకలున్నాయి.

“సదరు ఉద్యోగిని స్వయముగా చూసితిని. ఆరోగ్యము కుదుటపడుచున్నది. ఐస్‌క్రీము తీసుకొనుచున్నారు. నాకు కూడా ఇచ్చినారు. తిరిగి ఆఫీసుకు వచ్చు ఉద్దేశము ఉన్నట్లు కనపడలేదు. నేనైనా రాను.”